రేగడి దారిలో లావు టైరుకు మడ్‌గార్డు

మా వైపు వానలు మొదలవగానే సైకిళ్ళకు మడ్‌గార్డులు విప్పేస్తారు. ఈ మాట గుంటూరులో కొత్తగా సైకిల్ షోరూము పెట్టిన కుర్రాళ్ళకు చెబితే పగలబడి నవ్వారు. "బురద పడకుండా పెట్టుకునేదాన్ని బురదొచ్చినప్పుడు తీసేయడమేంటి బాబాయ్?" అన్నారు. నవ్వండి నాయనా, నవ్వండి. మీరు నల్లరేగడిలో సైకిలు తొక్కి ఎరగరు.

తడిసిన రేగడి టైరుకు అంటుకుంటుంది. అంటుకుని ఊరుకోదు, టైరుతో పాటు తిరిగి మడ్‌గార్డు లోపలికి దూరుతుంది. అక్కడ పిండి దట్టించినట్టు దట్టించుకుపోతుంది. రెండు ఫర్లాంగులు పోయేసరికి చక్రం తిరగదు. అప్పటిదాకా మనిషి సైకిలెక్కుతాడు, అక్కణ్ణుంచి సైకిలు మనిషినెక్కుతుంది. అందుకే తొలకరి పడగానే మా రైతులు మడ్‌గార్డులు విప్పి వసారాలో మేకుకు తగిలించేవారు. పత్తి తీతల నాటికి మళ్ళీ దించి బిగించుకునేవారు. విప్పడానికోసారి, బిగించడానికోసారి నా షాపు ముందు సైకిళ్ళు బారులు తీరేవి. వీపు నిండా బురద చారలతో ఊరంతా తిరుగుతున్నా ఎవరూ వింతగా చూసేవారు కాదు.

నా పేరు యేసోబు. చీరాల నుంచి పర్చూరు వెళ్ళే దారిలో నలభై ఏళ్ళు సైకిల్ షాపు నడిపాను. మోకాళ్ళు మొరాయించాక మూసేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం నాలుగు మాటలు రాయమని మా పాస్టరు గారు వెంటపడ్డారు. పంచరు వేయడం మీకు ఎవరైనా నేర్పుతారు. చక్రం వంకర తీయడం చేతికి అలవాటు మీద వస్తుంది. నేను మడ్‌గార్డు గురించే రాస్తాను. అది అందరూ చిన్నచూపు చూసే సామాను. షారోను అనే పిల్ల బడికి పోతుందా, ఇంట్లో కూర్చుంటుందా అన్నది ఆ చిన్న సామాను మీదే నిలబడ్డ వానాకాలం ఒకటి ఈమధ్యే చూశాను. అప్పటిదాకా నేను నేర్చుకున్నదంతా అక్కడ అక్కరకొచ్చింది. అందుకని దారిలో కొందరిని తలుచుకుంటూ ఆ పిల్ల దగ్గరికి వస్తాను.

ఖాదర్ మేస్త్రి

నేను పని నేర్చుకున్నది గుంటూరు బ్రాడీపేటలో, ఖాదర్ మేస్త్రి దగ్గర. సందు నిండా కోచింగ్ సెంటర్లు, డాక్టర్ల ఆసుపత్రులు. అప్పుడింకా స్కూటర్లు తక్కువ, లెక్చరర్లు, కాంపౌండర్లు అందరూ సైకిళ్ళే. మేస్త్రి మంచివాడే కానీ నోరు మంచిది కాదు. మెచ్చుకోలు ఆయన నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. బాగా చేస్తే ఏమీ అనేవాడు కాదు, అదే మెచ్చుకోలని మేం అర్థం చేసుకోవాలి.

ఆ రోజుల్లో జనం మడ్‌గార్డును కుండ కొన్నట్టు కొనేవారు. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. ఖంగుమంటే మంచి రేకు, బొంగురుగా పలికితే నాసిరకం. ఒకరోజు తెల్లపంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, బాగా మోగిన సన్నపాటి మెరుపు మడ్‌గార్డు ఎంచుకున్నాడు. నేను పానా తీసుకుని బిగించబోయాను. మేస్త్రి నన్ను పక్కకు లాగాడు.

"ఒరేయ్ యేసోబూ, ఆయన ఏం కట్టుకున్నాడో చూశావా?"

"తెల్లపంచె మేస్త్రీ."

"ఏ దారిన పోతాడు?"

"అడగలేదు."

"అడక్కుండానే బిగిస్తావా? ముందు మనిషిని చూడు. తర్వాత దారి అడుగు. ఆఖర్న సైకిలు చూడు. సైకిల్లో మిగతా సామానంతా సైకిలు కోసంరా. ఇదొక్కటే మనిషి కోసం."

ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది. మొట్టికాయ మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆయన చేతులు చూపించి చెప్పిన లెక్క ఇప్పటికీ మారలేదు. మడ్‌గార్డు టైరు కన్నా ఇటొక వేలు, అటొక వేలు వెడల్పు ఉండాలి. టైరు ఎంతో మడ్‌గార్డూ అంతే అయితే "అది గొడుగు కాదురా, బొట్టుబిళ్ళ" అనేవాడు. ఇప్పుడు లావు టైర్లు వచ్చాయి, అరచేతి వెడల్పు ఉంటున్నాయి. వాటికి కూడా పాత సన్న మడ్‌గార్డులే బిగించి పంపిస్తున్నారు. మేస్త్రి బతికుంటే గుంటూరు షోరూముల నిండా మొట్టికాయలే వినపడేవి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందు అంతటా ఒకేలా ఉంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ ముచ్చట తారురోడ్డుకే పనికొస్తుంది. సైకిలు ముందుకు పోతుంటే చక్రం వెనకవైపు పైకి లేస్తుంది, ముందువైపు కిందికి దిగుతుంది. కాబట్టి మట్టి మడ్‌గార్డు వెనక కొస నుంచి దూరి, ముందు కొస నుంచి బయటికి రావాలి. "దూరేచోట ఇరుకు, పోయేచోట వెడల్పు" అనేవాడు మేస్త్రి. లోపలికి వచ్చినది ఏదైనా సరే, ముందుకు పోయేకొద్దీ దానికి చోటు పెరగాలి. అప్పుడది ఇరుక్కోదు. ఇంత మంచి మాట చెప్పి, వెంటనే తనొక్కడే టీ తెప్పించుకుని తాగేవాడు. అయినా ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

రెండు నేలల మధ్య

నా షాపు ఉన్న చోటు దేవుడు ఎంచి ఇచ్చినట్టుంది. తూర్పుకు పోతే చీరాల దాటి వాడరేవు దాకా ఇసుక. పడమటికి పోతే పత్తి, మిరప, పొగాకు పండే నల్లరేగడి. ఇటువాళ్ళూ అటువాళ్ళూ నా బెంచీ మీదే కూర్చునేవారు, వాదించుకునేవారు.

వాడరేవు నుంచి చేపల తట్టలు కట్టుకుని వచ్చేవాళ్ళకు బురద బాధ లేదు. వాళ్ళ బాధ ఉప్పుగాలి. ఇనప మడ్‌గార్డు వాళ్ళ దగ్గర తుప్పు పట్టి అప్పడంలా విరిగిపోయేది. వాళ్ళకు ప్లాస్టిక్‌దే మేలని చెబితే మొదట్లో చిన్నతనంగా ఉందనేవారు. ఇసుక మడ్‌గార్డులోకి ఎంత దూరినా జారిపోతుంది, దానికి పట్టుదల లేదు. రేగడికే పట్టుదల.

"ఏరా, లావు టైరు వేసుకుంటే ఎక్కడైనా పోతుందిరా" అని తూర్పువాడు అనేవాడు.

"మా డొంకలోకి తీసుకురా, నీ లావు సంగతీ నీ టైరు సంగతీ తేలుద్ది" అని పడమటివాడు.

ఇద్దరి మాటా నిజమే. ఎవరి నేల మీద వాళ్ళది. ఈ బెంచీ మీద వాదన నాకు తర్వాత ఎంత పనికొచ్చిందో చూస్తారు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల" అని పెద్దలు సామెత చెప్పారు. చెప్పిన పెద్దాయన ఎవరో కానీ మా పడమటి ఊళ్ళలో వానాకాలం గడపలేదు. ఇక్కడ అడుసు తొక్కకపోతే కూడు లేదు.

సుగుణ చదివిన చారలు

సుగుణ నా భార్య. పెళ్ళయిన కొత్తలో నా సైకిలుకు కొత్త మడ్‌గార్డులు బిగించుకుని, వాటి గొప్పలు చెప్పుకుంటూ చర్చికి వెళ్ళొచ్చాను. మర్నాడు నా తెల్లచొక్కా ఉతుకుతూ పిలిచింది.

"ఏవండీ, మీ వెనక మడ్‌గార్డు పొట్టిది."

"నువ్వు సైకిలు చూశావా?"

"సైకిలు మీరు చూస్తారు. నేను చొక్కా చూస్తా. నడుం దాకా చార ఉంటే వెనకది కాస్త పొట్టి. మెడ దాకా ఉంటే అసలు లేనట్టే. పాదాల మీద, ప్యాంటు అంచుల మీద పడిందంటే ముందుదానికి కింద తోక లేదన్నమాట."

తోక అంటే మడ్‌గార్డు అడుగున వేలాడే రబ్బరు ముక్క. పాత ట్యూబు కోసి కట్టినా చాలు. నేల మీద నుంచి జానెడు ఎత్తు దాకా రావాలి. చాలామంది అది అలంకారం అనుకుని పీకేస్తారు. నిజానికి మడ్‌గార్డు చేసే పనిలో సగం ఆ తోకే చేస్తుంది. ఆ మాట నాకు నేర్పింది మేస్త్రి కాదు, బట్టలుతికే బండ దగ్గర నిలబడ్డ నా భార్య.

ఆ రోజు నుంచి మడ్‌గార్డు అడిగినవాళ్ళందరినీ "ఒకసారి వెనక్కి తిరగండి" అనేవాణ్ణి. ఒక మోతుబరి రైతు కోపం తెచ్చుకున్నాడు. "నా వీపుతో నీకేం పనిరా?" అని అరిచాడు. సంగతి చెప్పాక ఆయనే తన ఊరివాళ్ళను తీసుకొచ్చి వరసగా వీపులు తిప్పి నిలబెట్టాడు. అలాంటి మనుషుల మధ్య బతికాను నేను, అంతకన్నా ఏం కావాలి.

పాస్టరు గారి ఏనుగు

ఇప్పుడు షారోను దగ్గరికి వస్తున్నాను.

షారోను వాళ్ళమ్మ కరుణ పత్తి, మిరప చేలల్లో కూలికి పోతుంది. తండ్రి లారీ మీద తిరుగుతాడు. షారోనుకు పదేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళలో బలం లేదు, నడవలేదు. తర్వాత ఒక మగపిల్లవాడు, అంగన్‌వాడీ వయసు. బడి పక్క ఊళ్ళో ఉంది. తారురోడ్డు మీద చుట్టూ తిరిగితే చాలా దూరం, పైగా లారీలు. చేల మధ్య డొంక అడ్డంగా పోతే దగ్గర. చిన్నప్పుడు కరుణ కూతుర్ని చంకనేసుకుని ఆ డొంకలో నడిచేది. పిల్ల ఎదిగింది, చంకనెత్తుకునే వయసు దాటిపోయింది. అంతకు ముందు ఏడాది వానలకని బడి మానేసింది. మా వైపు వానలు క్రిస్మస్ దగ్గర పడేదాకా పోవు. మళ్ళీ వెళ్ళేసరికి లెక్కల్లో వెనకబడి, ఏడ్చి, టీచర్లు బతిమాలితే గాడిలో పడింది. ఇంకోసారి మానితే ఇక ఇంట్లోనే ఉండిపోతుందని కరుణ భయం.

మా పాస్టరు దానియేలు గారు కొత్తపట్నం వైపు మనిషి, ఇసుకలో పుట్టి పెరిగారు. సంఘమంతా కలిసి కరుణకు సైకిలు కొనాలనుకున్నప్పుడు ఆయనే గుంటూరు వెళ్ళి ఎంచి తెచ్చారు. కుటుంబమంతా ఎక్కేలా చేసిన సైకిలు. వెనక పొడుగాటి క్యారియరు, దాని మీద షారోను కూర్చోవడానికి వీపు ఆనే సీటు, ముందు పిల్లవాడికి చిన్న సీటు, ఏనుగు పాదాల్లాంటి లావు టైర్లు. షోరూములోనే మడ్‌గార్డులు కూడా బిగించి ఇచ్చారు. ఎంత దగ్గరగా బిగించారంటే టైరుకూ వాటికీ మధ్య చిటికెన వేలు దూరదు. చర్చి ముందు ప్రార్థన చేసి తాళం చేతికిచ్చినప్పుడు జనమంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎండాకాలం, నేల గట్టిగా ఉంది, అందరికీ అంతా బాగానే కనపడింది.

వానలు మొదలైన వారంలోనే కరుణ ఆ సైకిలు నడిపించుకుంటూ మా ఇంటికి వచ్చింది. మడ్‌గార్డులు లేవు. వెనక సీట్లో షారోను తల దించుకుని కూర్చుంది.

"చక్రాన్ని ఎవరో కట్టేసినట్టు ఆగిపోయింది బాబాయ్. ముగ్గురం పడ్డాం" అంది కరుణ.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకు మోకాలు గీరుకుంది, పిల్లలకేం కాలేదు. కానీ నేను పడితే లేస్తా బాబాయ్. చిన్నోడు పడితే లేస్తాడు. ఇది పడితే లేవలేదు." షారోను కేసి చూసి మళ్ళీ అంది: "సరేనని మడ్‌గార్డులు పీకేయించా. నిన్న బడి ముందు ఆపితే దిగనని ఏడుపు. వీపంతా బురద. పిల్లలు నవ్వారంట."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మడ్‌గార్డు ఉంటే పడతారు, లేకపోతే పిల్ల బడి గుమ్మం ఎక్కదు.

"వానలు పోయాక వెళ్తాలే తాతా" అంది షారోను మెల్లగా. గొంతులో ఏడుపు లేదు, తీర్మానం చేసుకున్న పెద్దమనిషి మాటలా ఉంది.

సుగుణ పిల్లను సీటులోనే పక్కకు తిప్పి గౌను చూసింది. నడుం నుంచి మెడ దాకా చార. సాక్సులు చూసింది. రెండు కాళ్ళకూ లోపలివైపే బురద.

"పైన మూస్తే చాలదండీ. దీని కాళ్ళు చక్రానికి అటూ ఇటూ వేలాడుతున్నాయి. పక్కలు కూడా మూయాలి" అని, నావైపు తిరిగి, "అలా నిలబడ్డారేం? అటక మీద సంచి దించండి" అంది.

షాపు మూసినప్పుడు పనిముట్ల సంచి అటక మీద పెట్టి, ఇక ముట్టనని నేను పెద్ద గొప్పగా చెప్పి ఉన్నాను. దించాను.

సంగతి తెలిసి పాస్టరు గారు పరుగున వచ్చారు. పాపం ముఖం మాడిపోయింది. "లావు టైరైతే బురదలో దిగబడదనుకున్నాను యేసోబు గారూ" అన్నారు.

"దిగబడదండి, ఆ మాట నిజమే. దిగబడదు కానీ చేనంతా మోసుకొచ్చుద్ది."

ఆయన నవ్వలేక నవ్వారు. ఇసుక ఎరిగినవాళ్ళెవరైనా చేసే పొరపాటే అది. ఇసుక మీద లావు టైరు తేలిపోతుంది. రేగడిలో టైరు ఎంత లావైతే అంత మట్టి ఎత్తుకుంటుంది. సన్న టైరు వేద్దామంటే ఆ రిమ్ముకు పట్టదు. పైగా గతుకుల్లో ఆ పిల్ల నడుముకు మెత్తగా ఉండేది లావు టైరే. కాబట్టి టైరు మార్చేది లేదు, మడ్‌గార్డు సంగతే చూడాలి.

మేస్త్రి మాట ప్రకారం మనిషిని చూశాం. ఇక దారి చూడాలి. మర్నాడు వాన వెలిశాక కరుణను ఖాళీ సైకిలు నడిపించమని, చెప్పులు చేత్తో పట్టుకుని డొంకలో దాని వెనకే నడిచాను. మట్టి ముందు ఎక్కడ పేరుకుంటుందో చూడాలని. నేను చక్రం నెత్తిమీద పేరుకుంటుందనుకున్నాను. అక్కడ కాదు. మొదట ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కింద, తర్వాత పెడళ్ళ వెనక, ఫ్రేము టైరుకు దగ్గరగా వచ్చే చోట. షోరూము మడ్‌గార్డులు సరిగ్గా ఆ రెండు చోట్లా ఇరుగ్గా దూరాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ జరిగింది.

ఇంత లావు టైరుకు, ఇంత సందుతో సరిపోయే మడ్‌గార్డు చీరాలలో దొరకలేదు, గుంటూరులో దొరకలేదు. చేసుకోవాల్సిందే. ఇనుము బరువు, పైగా రేగడి దానికి గట్టిగా పట్టేస్తుంది. ప్లాస్టిక్ అయితే ఆరాక పెచ్చులుగా ఊడిపోతుంది. పక్కింటి రైతు ఒకాయన నీలం రంగు పెద్ద డబ్బా తెచ్చి ఇచ్చాడు. మూత తీసి వాసన చూశాను. పురుగుమందుది.

"మూడుసార్లు కడిగేశా యేసోబూ" అన్నాడు.

"ముప్ఫైసార్లు కడిగినా వద్దన్నా. పిల్ల కాళ్ళ పక్కన ఉండేది."

ఆయనకు కష్టం తోచింది కానీ ఈ విషయంలో మొహమాటపడకూడదు. పిల్లల సైకిలుకు ఏ ముక్క వాడినా అది అంతకు ముందు ఏం మోసిందో అడగండి. అప్పుడు పాస్టరు గారికి గుర్తొచ్చింది. చర్చి వెనక ప్రేమవిందులకు నీళ్ళు పట్టే డ్రమ్ము అడుగు పగిలి పడి ఉంది. ఆయనే భుజాన పెట్టుకుని తెచ్చారు. అది కూడా నీలందే. దాని వంపు చక్రం వంపుకు ఇంచుమించు సరిపోవడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎలా చేశానో చెబుతాను, మీకు పనికొస్తుంది. వెనక మడ్‌గార్డును ఫ్రేముకు బిగించలేదు. పొడుగాటి క్యారియరు అడుగున బిగించాను, అక్కడ చోటుంది. వెనక కొస దగ్గర రెండు వేళ్ళ సందు, ముందుకు వచ్చేకొద్దీ నాలుగు వేళ్ళు. పెడళ్ళ వెనక మట్టి పేరుకునే చోటికి రాకముందే ఆపేశాను. అక్కడ మట్టి రాలినా కిందికే రాలుతుంది, ఎవరి మీదా పడదు. రెండు పక్కలా చక్రానికి డ్రమ్ము ముక్కలే తలుపుల్లా కట్టాను, పిల్ల కాళ్ళు చువ్వల్లోకి పోకుండా కూడా పనికొస్తాయి. ముందు చక్రానికి ఫోర్కు కింద ఏమీ దూర్చలేదు. ఫోర్కుకు ముందొక ముక్క, వెనకొక ముక్క. వెనక ముక్క కింద ట్యూబు తోక. గీత గీసినట్టు అందంగా ఉండదు. షోరూము కుర్రాళ్ళు చూస్తే ముక్కు చిట్లిస్తారు.

మొదటిసారి తొక్కి చూస్తే టపటపమని చప్పుడు.

"తాతా, ఇది ట్రాక్టరులా మోగుతోంది. బళ్ళో అందరూ బయటికొచ్చి చూస్తారు" అంది షారోను.

ప్రతి బోల్టు కిందా ట్యూబు ముక్కలు పెట్టి మళ్ళీ బిగించాను. చప్పుడు పోయింది. "ఇప్పుడు బాగుందా?" అంటే కాసేపు చూసి, "నీలం మా యూనిఫాం రంగే" అంది. అది మెచ్చుకోలని నేను అర్థం చేసుకున్నాను. ఖాదర్ మేస్త్రి దగ్గర ఆ విద్య ముందే నేర్చుకున్నాను కదా.

వాన వెలిసిన పొద్దున

రాత్రంతా వాన పడి తెల్లవారాక వెలిసింది. నేనూ సుగుణా డొంక బడి ఊళ్ళోకి కలిసే చోట నిలబడ్డాం. రైతులు మడ్‌గార్డులు లేని సైకిళ్ళు తొక్కుకుంటూ, వీపుల మీద చారలతో పోతున్నారు. ఒకాయన మడ్‌గార్డు విప్పడం మర్చిపోయినట్టుంది, సైకిలు భుజాన మోసుకుంటూ వచ్చాడు. బోల్టు ఒక్కటి సడలినా పడేది నేను కాదు.

దూరంగా కరుణ కనపడింది. మెల్లగా తొక్కుతోంది. పెడళ్ళ వెనక నుంచి మట్టి ముద్దలు ముద్దలుగా కింద పడుతోంది, అనుకున్న చోటే. మధ్యలో ఒకసారి ఆగింది. నా కాళ్ళు ముందుకు కదిలాయి. సుగుణ చెయ్యి పట్టుకుని ఆపింది. కరుణ హ్యాండిలుకు కట్టుకున్న పుల్ల తీసి ఫోర్కు కింద రెండుసార్లు పొడిచి, మళ్ళీ ఎక్కింది. వచ్చేసింది. నిలబడకుండా, పడకుండా మా దాకా వచ్చేసింది.

సుగుణ పిల్లను ముందుకు వంచి వీపు చూసింది. కాళ్ళు చూసింది. నలభై ఏళ్ళు నా చొక్కాలు చూసిన చూపే అది.

"చార లేదండీ" అంది.

కరుణ సైకిలు పట్టుకునే ఏడ్చేసింది. "స్తోత్రం ప్రభువా" అంది సుగుణ. షారోను మాత్రం "అమ్మా, బెల్లు కొట్టేస్తారు, పద" అంది.

ఇది అన్ని రోజులూ పనిచేసిందని అబద్ధం చెప్పను. వాన కురుస్తుండగా, నీళ్ళు నిలిచిన డొంకలో ఏ మడ్‌గార్డూ గెలవదు. అలాంటి రోజుల్లో తారురోడ్డున చుట్టూ తిరిగి వెళ్ళమని కరుణతో గట్టిగా చెప్పాను, ఆమె విన్నది. మీరు కూడా కొనేవాళ్ళకు ఈ మాట చెప్పండి. మీ సరుకు ఏం చేయలేదో మీ నోటితోనే చెప్పండి, వాళ్ళు పడ్డాక తెలుసుకోకూడదు.

ఈ పని నాకు మేడలు ఇవ్వలేదు. కానీ మేస్త్రి మొట్టికాయ, బెంచీ మీద తగాదా, సుగుణ ఉతికిన చొక్కాలు, చర్చి పగిలిన డ్రమ్ము, ఏదీ వృథా పోకుండా ఒక పిల్ల వీపు వెనక వచ్చి చేరాయి. అందుకు దేవునికి కృతజ్ఞుణ్ణి. ఆ మనుషులందరికీ కూడా.

మొన్న పత్తి విచ్చే రోజుల్లో షారోను సైకిలు మా ఇంటి ముందు ఆగింది. క్యారియరు మీద ఆమె ముందర ఇంకో పిల్ల ఎక్కి కూర్చుంది, నవ్వినవాళ్ళలో ఒకతెట. బురదలో నడవలేక దారిలో ఎక్కించుకోమని బతిమాలిందట. ఎవరిని ఎక్కించుకోవాలో ఇప్పుడు షారోనే తేలుస్తుందని కరుణ నవ్వుతూ చెప్పింది.

షారోను ఆకాశం కేసి చూసి, "తాతా, రేపు వాన పడుద్దా?" అని అడిగింది.

పాత భయమేమో అనుకున్నాను. "పడితే ఏమైద్దమ్మా, మడ్‌గార్డు ఉందిగా" అన్నాను.

"అందుకే అడుగుతున్నా. పడితే బాగుండు."

వాన కోసం ఆకాశం చూసే రైతుల్ని నా షాపు బెంచీ మీద నలభై ఏళ్ళు చూశాను. బడికి పోవడానికి వాన కావాలన్న పిల్లను ఆ రోజే చూశాను. "పడుద్దిలే తల్లీ" అన్నాను, చేలో విచ్చిన పత్తి తడిసిపోతుందని భయపడే రైతులు వింటే నన్ను తంతారని తెలిసి కూడా.